పచ్చి కుబుసం

ముప్పై ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే వదినకే చెప్పేవాణ్ని.

బోధన్‌లో చక్కెర కార్ఖానా గోడలు లేస్తున్న రోజులవి. నిజామాబాద్‌లో మాకు బెల్లం దుకాణం ఉండేది. వెనక గోదాములో ఎలుకలు. పిల్లిని తెచ్చుకుంటే సరిపోయేది. కానీ నాకు పంతొమ్మిదేళ్లు, నలుగురూ నోరు తెరిచి చూసే పని ఏదైనా చేయాలి. బోధన్ వైపు చెరకు కొట్టే ముసలాయన ఒక జెర్రిపోతును పడితే, అడిగి తెచ్చుకున్నాను. ఇచ్చేముందు ఆయన చాలా చెప్పాడు. విషం లేదు గానీ కరుస్తుంది. పాలు తాగదు, ఎలుకో కప్పో కావాలి. దాన్ని పెట్టే గంపలో మూకుడుతో నీళ్లుండాలి, చీకటి ఉండాలి. కళ్లు తెల్లబడితే మాత్రం చేయి పెట్టొద్దు, కుబుసం అదే విడుస్తుంది, ఆగడం చేతకాకపోతే ఇప్పుడే వదిలెయ్యి అన్నాడు. నేను తలూపాను. నిజంగా విన్నానా? పాము పొడవు చూస్తూ ఉన్నానంతే.

చివరికి ఎలుకల కోసం తెచ్చిన పాముకు నేనే ఎలుకలు పట్టి వేయాల్సి వచ్చింది. నేను దుకాణంలో ఉంటే వదిన భయపడుతూనే గంపలోని మూకుడులో నీళ్లు నింపి, మూత మీద రాయి పెట్టేది. అప్పుడామెకు మూడో నెల.

కొన్నాళ్లకు పాము కళ్లు తెల్లబడ్డాయి. సరిగ్గా అప్పుడే స్నేహితులు చూడటానికి వచ్చి, ఇది పామా, పాత తాడా అని నవ్వారు. నాకు రోషం వచ్చింది. వాళ్లు వెళ్లాక, లోపలి మెరుపు రేపు చూపిస్తానని, మూతి దగ్గర గోటితో పట్టి కుబుసం లాగాను. ఊడలేదు. ఇంకా లాగాను. కింద పచ్చి చర్మం ఎర్రగా తేలింది. గబగబా మూత వేసి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను. తెల్లారేసరికి పాము చచ్చిపోయి ఉంది.

వదిన గంప దగ్గర నిలబడి అడిగింది.

"నిన్న మూత నేనే పెట్టిన తమ్మీ. దాని మెడ గిట్ల నలిగిందంటవా?"

మా అమ్మ, అవ్వ, అప్పుడే గడపలోకి వచ్చింది. నేను తల ఎత్తలేదు.

"ఏమో వదినె. గట్టిగనే పెట్టినట్టున్నవ్."

అంతే అన్నాను. జెర్రిపోతే గదా, నాగుపాము కాదు గదా అని ఎవరూ అనలేదు. కడుపుతో ఉన్న కోడలి చేతిలో పాము చచ్చిందంటే అవ్వకు అది చాలు. ఆ నెలలోనే వదిన కడుపు పోయింది. తర్వాత ఇంకోటి నిలవలేదు. పాము ఉసురు అన్నారు. అన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి పిల్లలకు వదినే వండి పెట్టింది. ఏటా నాగుల పంచమికి ఒక్కపొద్దు ఉండి, చేయని తప్పుకు లెంపలు వేసుకునేది. నేను పక్కనే ఉండి ప్రసాదం తిన్నాను.

పాము వల్ల కడుపులు పోవని నాకు తెలుసు. కానీ ఆమెకు తెలియదు కదా! ఎందుకు చెప్పలేదు? మొదట బాపు కొడతాడని భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనే తెలివి. ఒక సాకు అరిగిపోయేలోపు ఇంకోటి దొరికేది, పిరికివాడికి సాకులు కరువా?

పోయిన నెల వదిన చనిపోయింది. ఇంటికొచ్చిన ముసలమ్మలు కూడా, పాపం, పాము పాపం మోసి పోయింది అనుకున్నారు. అప్పుడు కూడా నా నోరు లేవలేదు.

పామును చంపింది నేను. మా వదిన కాదు. ఇంట్లో ఒక్కసారి ఈ మాట అనివుంటే ఆమె మా మధ్య తలెత్తుకుని తిరిగేది. ఇది రాశాక గుండె కొంచెం తేలికపడింది. అలా తేలికపడినందుకు కూడా సిగ్గుగానే ఉంది.