ఏజాక్స్‌లో గుర్రాల పాటలు

మన పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న ఆ రోజుల్లో, ప్రేమ చెడినవాడికి గడ్డం పెంచుకునే సౌకర్యమైనా ఉండాలి కదా, నాకు అదీ లేదు. పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపులో రోజూ నున్నగా గీసుకు రమ్మనేవారు. అందుకని గుర్రాలూ ట్రక్కులూ విరహాలూ నిండిన ఇక్కడి కంట్రీ మ్యూజిక్‌లో దాక్కున్నాను. దేశానికి తూర్పువైపున్న ఏజాక్స్‌లో ఒకే బేస్‌మెంట్‌లో నలుగురు విద్యార్థులం, ఏడవడానికి చాటెక్కడిది? నాతో హైదరాబాద్‌లో చదివిన అమ్మాయికి పడమటి కొసనున్న బర్నబీలో సీటొచ్చింది. రెండో సెమిస్టర్‌లో ఫోన్ చేసి, "మనకి సెట్ అవ్వదులే, చదువు మీద ఫోకస్ చేద్దాం" అంది. "ష్యూర్, నో ప్రాబ్లమ్" అన్నాను. నాలాంటి మొద్దు ఇంకేమంటాడు!

"ఏంట్రా, పొద్దస్తమానం ఈ గుర్రాల పాటలు?" అన్నాడు రూమ్మేట్ పెద్దాయన. (మాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి ఆ పేరు.) "యాక్సెంట్ కోసం పెద్దాయనా, ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతున్నా" అన్నాను. పాపం నమ్మి, రెండు వారాలు నాతోపాటు విని, ఫోన్ ఇంటర్వ్యూలో హెచ్చార్ ఆవిణ్ణి "డార్లింగ్" అన్నాడు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

అసలు సంగతేమిటంటే, కాలేజీ రోజులనుంచీ పాటల యాప్‌లో ఆ అమ్మాయికీ నాకూ ఒకటే లాగిన్. ఒకచోట పాట మొదలైతే రెండోచోట ఆగిపోతుంది. నాకు మధ్యాహ్నం పన్నెండైతే అక్కడ ఉదయం తొమ్మిది. కొండమీది క్యాంపస్‌కి బస్సెక్కి ఆమె పాటలు పెట్టుకునేది. నేను రెండు నిమిషాల ముందే, ప్రియురాలు వదిలేసిన ట్రక్కు డ్రైవరు పాట పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అది టక్కున ఆగగానే ప్రాణం లేచివచ్చేది. బస్సు అందిందన్నమాట! మా మధ్య మిగిలింది అదొక్కటే, అదీ పోతుందేమోనని భయంగా ఉండేది.

నాలుగు నెలలకి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. "బాబూ, నాకు యాప్‌లో రికమెండేషన్స్ అన్నీ ట్రక్కులూ కుక్కలే వస్తున్నాయి. ఏంటిది?"

"యాక్సెంట్ ప్రాక్టీస్."

"రోజూ అదే టైమ్‌కి, అదే పాటతోనా?"

దొరికిపోయాను. "నువ్వు బస్సెక్కావని తెలుస్తుంది కదా, అందుకు" అని ఉన్నమాట రాసేశాను.  తర్వాత, "నేను వేరే అకౌంట్ తీసుకుంటున్నా. నువ్వు బాగా చదువుకోరా" అని వచ్చింది. ఆ 'రా' చూసి పెద్దాయన ఎదుటే భోరుమన్నాను. "ఏ కంపెనీరా రిజెక్ట్ చేసింది?" అని వీపు నిమిరాడు.

మర్నాడు పన్నెండింటికి పాట పెట్టాను. ఎవరూ ఆపలేదు. మొదటిసారి చివరిదాకా విన్నాను. ఆఖరి చరణంలో ఆ డ్రైవరు వేరే ఊళ్లో పెళ్లి చేసుకుని, పిల్లల్ని ట్రక్కులో తిప్పుతూ హాయిగా ఉన్నాడు! నాలుగు నెలలూ నేను ఏడ్చింది సగం పాటకే. అప్పటి నేను, ఆ కుర్రవాడు, ఇప్పుడు ఎదురుపడితే మాత్రం, పాట చివర్లో ఏముందో చెప్పను. పన్నెండు కొట్టేదాకా ఎదురుచూడనిస్తాను.