ఖాకీ చొక్కాకి నాలుగు జేబులు

కిందటి వారం మనవరాలికి ప్యాంటు కొందామని మద్దిలపాలెంలో ఒక బట్టల కొట్టుకి వెళ్ళాం. అది అద్దం ముందు నిలబడి జేబులో చెయ్యి పెట్టబోతే చెయ్యి దూరలేదు. పైకి జేబున్నట్టు గీత కుట్టారు గానీ లోపల గుడ్డే లేదు. ఆడపిల్లల ప్యాంట్లు చాలావరకు ఇంతేనని కొట్లో అమ్మాయి తేలిగ్గా చెప్పింది, మనవరాలు నవ్వేసింది, నాకు మాత్రం ఎక్కడలేని కోపం వచ్చింది. ఒక్క జేబు కోసం ఇంత కోపమా అని మీకు అనిపించవచ్చు. మన వయసు ఆడవాళ్ళు కొంగు ముడితోనో, రొంటిన దోపుకున్న సంచీతోనో బతుకు వెళ్ళదీసినవాళ్ళు. నేను మాత్రం పాతికేళ్ళ పైచిలుకు నాలుగు జేబులతో బతికాను.

మా ఆయన పోర్టుకి దగ్గర్లో, ఓడల ఇనప సామాన్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో క్రేను నడిపేవారు. షెడ్డు కప్పు కింద, రెండు గోడల వెంట వేసిన పట్టాల మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచే క్రేను అది. దానికి వేలాడే చిన్న క్యాబిన్లో కూర్చుని, కింద మేస్త్రీ చేసే చేతి సైగలు చూస్తూ, బరువుల్ని లేపి దించాలి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఆయన స్కూటరు మీంచి పడి నడుము పాడుచేసుకున్నారు. ఇక నిచ్చెన ఎక్కకూడదని డాక్టరు చెప్పేశాక, యజమాని ఆ పని మా ఇంట్లో ఇంకెవరికైనా ఇస్తానన్నాడు. కంచరపాలెంలో మా రెండు గదుల ఇంట్లో ఇంకెవరున్నారు కనుక? ఇద్దరు చిన్నపిల్లలు, హార్బరులో చేపలమ్మే మా అత్తగారు, పదో తరగతి గట్టెక్కిన నేను. మూడు నెలలు పని నేర్పి చూస్తామనీ, కుదరకపోతే స్టోర్సులో ఊడ్చే పనిలో పెడతామనీ అన్నారు. ఊడ్చే పనికిచ్చే జీతంతో ఐదుగురం తినలేమని నాకు తెలుసు.

చీర కుచ్చిళ్ళతో నిచ్చెన ఎక్కలేను కాబట్టి ఒక పంజాబీ డ్రెస్సు కుట్టించుకుని, దాని మీద మా ఆయన ఖాకీ చొక్కానే చేతులు కురచ చేయించి తొడుక్కున్నాను. దానికి పైన రెండు, కింద రెండు జేబులు. అన్నాళ్ళూ ఉతకబోయే ముందు ఆ జేబులు ఖాళీ చేసినదాన్నే గానీ నింపినదాన్ని కాను. మొదటిరోజు పొద్దున వాటిని చూసుకుంటే కొత్త కాపురంలో ఖాళీ అలమర చూసినట్టే అనిపించింది. దువ్వెన, బొట్టుబిళ్ళలు, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, జేబురుమాలు, పిల్లల ఫోటో, ఒకటేమిటి, కనిపించిందల్లా కుక్కుకుని బయలుదేరాను.

రెండో వారంలో, సైగ సరిగా కనబడక క్యాబిన్లోంచి వంగి చూసేసరికి, పై జేబులోంచి దువ్వెన జారి మేస్త్రీగారి పాదాల ముందు పడింది. దువ్వెన కాబట్టి సరిపోయింది. ఆయన నన్ను కిందికి పిలిచి, అంత ఎత్తునించి చిన్న బోల్టు పడ్డా మనిషి ప్రాణం పోతుందనీ, ఇంకోసారి ఏదైనా పడిందంటే స్టోర్సుకి పంపేస్తాననీ అందరి ముందూ గట్టిగా చెప్పారు. ఇంటికొచ్చే బస్సులో ఏడ్చాను.

మర్నాటినుంచి పొద్దున్నే గడప దగ్గర మా ఆయనకీ, అత్తగారికీ, నాకూ జేబుల పంచాయితీ. వస్తువులన్నీ నేల మీద పరిచి, ఏది తీసుకెళ్ళాలో, ఏది మానాలో తేల్చుకునేవాళ్ళం. పై జేబులు రెండూ ఖాళీగా ఉండాలని మా ఆయన శాసనం. కింది జేబులకి మూతలు కుట్టి, గుండీలు పెట్టించారు. అరచేతులకి చెమటపడితే క్రేను నడిపే మీటలు జారతాయి కాబట్టి పాత నూలుగుడ్డ ఒకటి, చిన్న టార్చిలైటు ఒకటి, అంతే చాలన్నారు. ఫోటో నేనే పక్కన పెట్టేశాను, పిల్లలు కళ్ళముందుంటే కింద సైగ తప్పుతుందని భయం. ఒకరోజు అత్తగారు మమ్మల్నిద్దర్నీ చూసి లోపలికి వెళ్ళి, వలలు బాగుచేసే సన్నటి నైలాను దారం చిన్న కర్రముక్కకి చుట్టినది పట్టుకొచ్చారు.

"ఎంతెత్తే నీ క్రేను?" అనడిగారు. ఏడెనిమిది బారలుంటుందేమోనన్నాను. చేతులు బార్లా చాపి పది బారలు కొలిచి, కోసి, నా జేబులో పెట్టేశారు. పైన తాడుతో నాకేం పనని విసుక్కుంటే, "సముద్రంలోకెల్లినోడు తాడు నేకుండా ఎల్తాడేటి? నువ్వూ నేలొదిలే ఎల్తన్నావు కదే!" అన్నారు. ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఉంచాను గానీ, దాన్ని బస్సులో వదిలేద్దామని రెండుమూడుసార్లు అనుకున్నమాట నిజం.

మూడో నెలలో, మే ఎండలు మండుతున్న రోజుల్లో, ఓడ నుంచి తెచ్చిన పెద్ద ఇరుసును సగం లేపానో లేదో కరెంటు పోయింది. క్రేను షెడ్డు నడిమధ్యన ఆగిపోయింది. నిచ్చెన చూస్తే ఎక్కడో ఆ చివర. ఇరుసు గాల్లో వేలాడుతోంది. మేస్త్రీగారు అందర్నీ దాని కిందినుంచి దూరంగా పంపేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "సెల్లెమ్మా, కదలొద్దు! ఆడే ఉండు!" అని అరిచారు. బరువు వేలాడుతుండగా మీటల దగ్గర్నుంచి కదలకూడదని మా ఆయన చెప్పనే చెప్పారు. నీళ్ళ సీసా కిందే ఉండిపోయింది. తలమీద రేకులు పెనంలా కాలుతున్నాయి. గంట గడిచింది, గంటన్నర గడిచింది, నాలుక పిడచకట్టుకుపోయి కళ్ళు తిరగడం మొదలైంది. చెమట తుడుచుకుందామని గుడ్డ కోసం జేబు తడిమితే దారం చేతికి తగిలింది.

దాని చివర టార్చిలైటు కట్టి మెల్లగా కిందికి వదిలాను. మేస్త్రీగారు ఇరుసుకి ఎడంగా వచ్చి, టార్చి విప్పి, తన మజ్జిగ సీసా కట్టి పంపారు. తరువాత ఎవరో తడిపిన తువ్వాలు, ఇంకెవరో రెండు అరటిపళ్ళు. మజ్జిగ రెండు గుక్కలే తాగాను. అంత ఎత్తున ఇరుక్కున్న ఆడదానికి దాహం కాక మరో ఇబ్బంది ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. తువ్వాలు తలమీద వేసుకుని కూర్చున్నాను. పొద్దువాలే వేళకి కరెంటొచ్చాక, ఇరుసును మెల్లగా దాని దిమ్మల మీద దించి, అప్పుడు దిగాను.

మేస్త్రీగారు టార్చి చేతికిచ్చి, ఆ దారం ఎక్కడిదని అడిగారు. మా అత్తగారిచ్చారన్నాను. "మీ అత్తమ్మకి నానడిగినానని సెప్పు. రొండో క్రేను నడిపే మా బావకీ ఓ దారం సుట్ట కావాలి," అన్నారు. స్టోర్సు మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి అత్తగారికి సంగతంతా చెప్పాను. పొద్దున్న లేచేసరికి ఆవిడ గడపలో కూర్చుని బారలు కొలుస్తున్నారు. ఆ రొండో క్రేను గుంటడికి పది సాలవు, పన్నెండిత్తానని తనలో తనే అనుకుంటున్నారు.

అత్తగారు పోయారు, మా ఆయనా పోయారు. మొన్నామధ్య ఒక పెళ్ళిలో కలిసిన ఆ వర్క్‌షాపు కుర్రాడు చెప్పాడు, ఇప్పుడక్కడ క్యాబిన్లే లేవట, నేలమీద నిలబడి బొత్తాలు నొక్కితే క్రేన్లు నడుస్తాయట, నడిపేవాళ్ళలో ఇద్దరు ఆడపిల్లలట. విని సంతోషించాను. నిచ్చెనలు లేవు, కరెంటు పోతే గాల్లో వేలాడే ఖర్మ లేదు, అంతకంటే ఏం కావాలి? కానీ నేను పైన ఇరుక్కుపోయిన ఆ వేళ షెడ్డులో పనంతా ఆగిపోయినా ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. నేను దిగేదాకా అంతమందీ మెడలు నొప్పిపుట్టేలా పైకే చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు అక్కడ పైన ఎవరూ ఉండరు కాబట్టి, తలెత్తి చూడాల్సిన పని కూడా ఎవరికీ ఉండదు కాబోలు.