ఆగ్నేయం మూల

కొడకండ్లలో మా ఇంటికి ముగ్గు పోసే రోజు అది. అంటే పునాది ఎక్కడ తవ్వాలో నేల మీద ముగ్గుపిండితో గీసే రోజు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మా నేనూ పెద్దబాపు ఇంటి వెనక గదిలో ఉంటున్నాం. ఏం కూర వండుతున్నామో కూడా ఆయనకు చెప్పుకోవాల్సిన బతుకు. పుట్టింటివాళ్లు ఇచ్చిన జాగాలో రెండు అర్రలు, అంటే రెండు గదులు, వేసుకోవాలన్నదే అమ్మ కోరిక.

మేస్త్రీ నాలుగు మూలలా మేకులు కొట్టి దారం కట్టాడు. నాన్నకు అన్న అయిన పెద్దబాపు సిమెంటు రోడ్డు మీద నిలబడి, ఒక కన్ను మూసి దారం వెంబడి చూశాడు. ఆయనకు వాస్తు పిచ్చి. ఊళ్లో ఎవరి ఇంటికి ఏ మూల పెరిగిందో నోటికి చెప్తాడు.

"ఆగ్నేయం పెరిగింది. ఇంటి ఆడామెకు అచ్చిరాదు. ఈ జాగల కట్టుడు వద్దు," అన్నాడు.

అమ్మ మొహం చిన్నబోయింది. మేస్త్రీ మూల కొలిచే మూలమట్టం పెట్టి చూశాడు. జానెడు రేకు, అదీ వంగింది, దాన్ని ఆయనే నమ్మడు. "పెద్దమనిషి అంటున్నడు గద," అంటూ దారం విప్పబోయాడు.

నాకు ఒళ్లు మండింది. రోజూ జనగామ బస్సులో నిలబడి పోయి డిగ్రీలో లెక్కలు చదువుతున్నది నోరు మూసుకుని ఉండడానికా?

"అన్నా, దారం ఇప్పకు. టేపు ఇటియ్యి," అన్నాను.

ఆ మూల మేకు నుంచి ఒక దారం మీద ఆరడుగులకు, రెండో దారం మీద ఎనిమిది అడుగులకు గుర్తు పెట్టాను. "పెద్దబాపు, మూల సక్కగుంటే ఈ రెండు గుర్తుల నడుమ పదడుగులు రావాలె. నువ్వన్నట్టు మూల బయటికి పొడుసుకొస్తే పదికి తక్కువొస్తది."

"గదెట్ల?"

"ఆరార్లు ముప్పై ఆరు, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. రెండూ కలిపితే వంద. పది పదులు కూడా వందే."

"పుస్తకంల లెక్క మట్టి మీద నడుస్తదా?" అని ఆయన నవ్వాడు. టేపు కొస ఆయన చేతికే ఇచ్చాను. రెండో కొస నేను పట్టుకున్నాను.

"పది మీద అంగుళం. సూసినవా, తప్పింది," అన్నాడు.

"తప్పితే నీ మాటే తప్పుతది. మూల పెరిగితే తక్కువ రావాలె గద. టేపు వదులుగున్నది, గట్టిగ గుంజు."

గుంజాడు. వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. సరిగ్గా పది.

మేస్త్రీకి హుషారొచ్చింది. మిగతా మూడు మూలలూ ఆయనే కొలిచాడు. అన్నిచోట్లా పదే. వంకర ఉన్నది రోడ్డుకు. మా జాగా దగ్గర అది కొంచెం పక్కకు తిరుగుతుంది. అక్కడ నిలబడి చూస్తే ఏ ఇల్లైనా వంకరగానే కనిపిస్తుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. డిగ్రీ పట్టా వచ్చినా అంత సంబరం ఉండదు.

మొదటి పిడికెడు ముగ్గు ఇంటి పెద్ద పోయాలని ఆనవాయితీ. భర్త లేని ఆడది దూరంగా నిలబడాలంటారు. పెద్దబాపు దారం లోపలికి వచ్చి ముగ్గు కోసం చెయ్యి చాపాడు. అమ్మ ముగ్గు గిన్నె తానే తీసుకుని, కొంగు నడుముకు చెక్కింది. ఆయన ముందు ఆమె తల ఎత్తి మాట్లాడడం నేను ఎన్నడూ చూడలేదు.

"బావా, జర జరుగుండ్రి. మీరు నిలవడ్డది నా పండుకునే అర్రల."