ఆడ ఎలుకల సీసాలు

తొంభైలు ముగిసే రోజుల్లో అనంతపురంలోని ఒక కళాశాలలో నేను పరిశోధన చేసేదాన్ని. మత్తుకు ఏ వయసు ఎలుక త్వరగా అలవాటు పడుతుందన్నది నా అంశం. ఒక్కో బోనుకు రెండు సీసాలు కట్టేవాళ్లం. ఒకదాంట్లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో చక్కెర కలిపిన పలచని ఆల్కహాలు. పొద్దున్నే సీసాలు తూచాలి, ఎలుకల్ని తూచాలి, ఏది ఎంత తాగిందో రాసుకోవాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ధర్మవరంలో మగ్గం నేసే మా నాయన ఒకసారి అడిగాడు: "యెలుకలకు సారాయి తాపేదానికేనా అంత సదువు సదివినావు?" అప్పటికే అలసిపోయి ఉన్నాను.

బోన్లు కడిగి, రంపపు పొట్టు మార్చే పని ఒక పెద్దావిడది. శింగనమల నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. దవడలో ఎప్పుడూ పొగాకు ఉండేది.

మా గైడు మగ ఎలుకలతోనే చేయమన్నారు. "ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి ఒంట్లో హార్మోన్లు మారతాయమ్మా. ఫలితాలన్నీ చెదిరిపోతాయి" అన్నారు. ఎలుకలు ఈనిన ప్రతిసారీ పుట్టే ఆడ ఎలుక పిల్లల్ని మాత్రం ఏం చేయాలో చెప్పలేదు.

"వీటిని యాడ పారేస్తావు?" అని అడిగింది పెద్దమ్మ.

పారేయబుద్ధి కాలేదు. వెనక వరసలో కొన్ని బోన్లు సర్ది, పాలు మాన్పిన పిల్లల్ని కొన్నింటిని, ఎదిగినవాటిని కొన్నింటిని పెట్టాను. వాటికీ రెండు సీసాలు కట్టాను. దాంతో పని రెండింతలైంది.

నెల తిరిగాక ఒక పొద్దున పెద్దమ్మే అంది: "ఏమమ్మా, ఆడవాటి సీసాలు జల్దీ ఖాళీ అయితాండాయి, చూసినావా?"

చూశాను. ఒంటి బరువుతో పోల్చి చూస్తే ఆడవే ఆల్కహాలు ఎక్కువ తాగుతున్నాయి. మగవాటిలోనైనా ఆడవాటిలోనైనా పెద్దవాటికంటే పడుచువే ఆ సీసాను వదలడం లేదు. గైడుకు చూపిస్తే కాగితం వంక ఒక్కసారి చూసి, "సీసాలు కారుతున్నాయి" అన్నారు. సరే, ఎలుక లేని బోనుకు సీసాలు కట్టి వారం రోజులు తూచాను. నాలుగు చుక్కలు కారాయి, అంతే. "ఇంకోసారి చేసి చూడు" అన్నారు.

ఇంకోసారి చేస్తుండగా ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, పొద్దు వాలేదాకా రాలేదు. పెద్దమ్మా నేనూ గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టాం, అట్టలతో విసిరాం. అయినా గాలి ఆడని వెనక వరసలో పడుచు ఆడవి చాలా వరకు చచ్చిపోయాయి. వాటిని పెద్దమ్మే ఎత్తి సంచిలో వేసింది. నేను గోడకు చేరబడి కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు. మళ్లీ మొదటి నుంచి చేయాలన్న ఆలోచన ఒక్కటే వచ్చింది.

మొదలుపెట్టాను. ఆ ఏడే పెద్దమ్మ నోట్లో పుండు లేచింది. అన్నం తినలేకపోతుంటే ఆసుపత్రికి తీసుకుపోయాను. పొగాకు మానకపోతే ముదిరిపోతుందన్నాడు డాక్టరు.

తిరిగి వస్తూ అడిగాను: "ఎప్పటి నుంచి వేస్తున్నావు పెద్దమ్మా?"

"పెద్దమనిషి కాకముందు నుంచే. శెనక్కాయ చేన్లో కలుపుకు పోతే, ఆకలి తెలీదని మాయమ్మే ఇచ్చినాది. మా అన్న కూడా అప్పుడే మొదలుపెట్టినాడు. వాడు మానేసినాడు. నాతో కాలేదు."

పదకొండు రోజులు మానింది. పన్నెండో రోజు బోన్ల వెనక కూర్చుని, చేతిలో పొగాకు నలుపుతూ కనిపించింది. నన్ను చూసి దాచలేదు.

"వద్దనుకుంటానే ఉండానమ్మా. చెయ్యి దానిమీదికే పోతాండాది."

నా నోటు పుస్తకంలో ఈ విషయం మీద పేజీలు పేజీలు ఉన్నాయి. ఆమెకు పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి లేచి ఇద్దరం పనిలో పడ్డాం.

నా థీసిస్ పూర్తయ్యేసరికి ఆమె పనికి రావడం మానేసింది. మగ ఎలుకలకు నాలుగు అధ్యాయాలు దక్కాయి. ఆడవాటిని చివరి అనుబంధంలో పెట్టమన్నారు గైడు. కొట్లాడే ఓపిక లేక పెట్టాను. అది నేను చేసిన తప్పే.

పట్టా వచ్చాక శింగనమల వెళ్లాను. పెద్దమ్మకు దవడ కొంత తీసేశారు. మాట ముద్దముద్దగా వస్తోంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, "ఆడవాటి సంగతి రాసినావా?" అంది.

"చివర్లో రాసినా పెద్దమ్మా. ఎవరూ చూడని చోట."

"నువ్వే అట్ల చేస్తే ఇంక యెవురు చెప్తారమ్మా?" అంది. కోపంగా అనలేదు, నిదానంగానే అంది. తర్వాత కోడల్ని పిలిచి నాకు అన్నం పెట్టమంది. ఆమె గంజి గుక్క గుక్కగా మింగుతుంటే ఎదురుగా కూర్చుని తిన్నాను.

తర్వాత నాకు పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఎలుకల గదికి మళ్లీ వెళ్లలేదు. అనుబంధంలోని ఆ పేజీల్ని విడిగా వ్యాసంగా రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. రెండోసారి సగం దాకా రాశాను. ఆ సగం కాగితాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.