టీచరమ్మ మీదికి నన్ను దండెత్తించిన గోడ

నా కోపం నన్ను నంద్యాలలో బస్సెక్కించి, ఆళ్లగడ్డలో నిండు చుట్టాల మధ్య పరువు తీసిన సంగతి చెబుతాను. అప్పటి నేను ఇప్పుడు ఎదురుపడితే రెండు పీకాలనిపిస్తుంది.

నంద్యాలలో మేం కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. పై వాటాలో మరియమ్మ టీచర్ ఒక్కతే ఉండేది. ఒకనాడు మా పడకగది గోడ చెమ్మపట్టింది. ఇంకేముంది, పైనుంచి ఆమే నీళ్లు ఒలకబోస్తోందని తేల్చేశాను.

"పైన చుక్క కారదప్పా. వచ్చి చూసుకో" అంది టీచర్. చూశాను. నేల పొడిగా ఉంది.

"చూస్తివా, మనమొస్తామని ముందే తుడిచిపెట్టింది" అన్నాను నా భార్య సుజాతతో.

"మన బాత్రూము పైపు చూపిద్దాం" అంది సుజాత.

"నువ్వూ ఆమె పక్కేనా?" అని విరుచుకుపడ్డాను.

తర్వాత టీచర్ మనవరాలి తొట్టెల వేడుకకని ఇంటికి తాళం వేసి ఆళ్లగడ్డ పోయింది. గోడ మాత్రం ఇంకా తడిసి, పెచ్చులూడి నా దిండు మీద పడింది. బుద్ధున్నవాడెవడైనా పాపం టీచర్ తప్పు లేదనుకుంటాడు. నేను మాత్రం, కావాలనే కొళాయి తిప్పిపెట్టి పోయిందనుకున్నాను. అన్ని రుజువుల్లోకీ అదే గట్టిదనిపించింది.

వెంటనే ఆళ్లగడ్డ బస్సెక్కి, దారిపొడవునా తిట్లు కూర్చుకున్నాను. నా గొణుగుడు విని పక్క సీటాయన లేచి వెనక్కి పోయాడు.

వేడుక ఇంట్లో అడుగుపెట్టేసరికి పాట పాడుతున్నారు. "ఈడ మీరు పండగ చేస్తాండారు, ఆడ నా గోడ కూలిపోతాంది" అని అరిచాను. పాట ఆగిపోయింది.

"నేను ఈడుంటే ఆడ నీళ్లు ఎవరు పోస్తారప్పా?" అంది టీచర్.

"అదే నేనూ అడుగుతాండా. కొళాయి ఎందుకు తిప్పిపెడితిరి?"

ఆమె అల్లుడు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లేచాడు. అంతలో సుజాత ఫోన్ చేసింది. గోడ కూలిందనే చెబుతుందనుకుని, అందరూ వినాలని స్పీకర్ పెట్టాను.

"యాడుండావయ్యా? పొద్దున మన బాత్రూము వాల్వు కట్టేస్తి. కారేది ఆగిపాయ. పగిలింది మన పైపే."

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. "ఈమె పైన దబదబా నడిచినందుకే పగిలుంటాది" అన్నాను.

సుజాత ఫోన్ పెట్టేసింది. అల్లుడు నా వైపు రెండడుగులు వేశాడు. టీచర్ అతన్ని ఆపి, నా ముందు విస్తరి వేయించింది.

"కూర్చో. తిన్నంతసేపన్నా నీ నోటికి వేరే పనుంటాది."

చుట్టాలందరూ చూస్తుండగా తలొంచుకుని తిన్నాను. ఆ విస్తరి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ గోడ తడిసినా, నా ఇంటి పైపులన్నీ విప్పి చూశాకే నోరు విప్పుతాను.