బలపం రాయి కలిపిన క్రేట్లు

తాడేపల్లిగూడెం అవతల ఒక చిన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో నాలుగేళ్లు పనిచేశాను. కొల్లేరు చెరువుల వాళ్లకు చేపల క్రేట్లు చేసేవాళ్లం. సరుకు బాగుందో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. పెంటపాడు నుంచి రోజూ స్కూటీ మీద వచ్చేదాన్ని.

నేను చేరేనాటికి మా క్రేట్లకు ఒక జబ్బు ఉండేది. చేపలు నింపి ఎండలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి పక్కలకు ఉబ్బిపోయేవి. ప్లాస్టిక్ గింజల్లో రాతిపొడి కలిపి చూద్దామని నేనే అన్నాను. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం ఏ రాయో, ఆ రాయినే మెత్తగా పిండి చేసిన పొడి అది. సరైన పాళ్లలో కలిస్తే ప్లాస్టిక్ బిగుస్తుంది, వేడికి వంగదు. పాళ్లు మించినా, పొడి ఉండకట్టినా పెళుసెక్కుతుంది. నెల రోజులు మార్చి మార్చి చూశాం. ఆ వేసవిలో ఒక్క క్రేటూ ఉబ్బలేదు. ఓనరు గారు అందరికీ స్వీట్లు పంచారు. నాకు గర్వంగానే ఉండేది.

మరుసటి ఏడు వానల్లో వచ్చిన పొడి చెమ్మగా ఉంది. మిక్సరు దగ్గర పనిచేసే పెద్దాయన పిడికెడు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"చూడండమ్మా, ఉండకట్టేస్తంది. ఆరబెట్టి వేద్దామండి. ఒక్క పూట ఆగితే సరిపోద్ది."

చెరువుల్లో చేపల పట్టుబడి మొదలైంది. క్రేట్లు ఎప్పుడు పంపుతారని ఉదయం నుంచీ ఫోన్లు.

"మిక్సరు వేడికి అదే ఆరిపోతుందిలెండి," అన్నాను. ఆయన ఆ పిడికెడూ తీసుకుని మిక్సరు దగ్గరకు వెళ్లిపోయారు.

తయారైన క్రేటులో ఇసుక నింపి, నడుమెత్తు నుంచి కింద పడేసి చూడటం మా పరీక్ష. మొదటిది మూల దగ్గర పగిలింది. పగులు లోపల సన్నటి తెల్ల చుక్కలు. అవి పొడి ఉండలని నాకు తెలుసు. అచ్చులో లోపమై ఉంటుందని నాకు నేనే చెప్పుకుని ఇంకొకటి పడేయించాను. అది ఆగింది. సంతకం పెట్టేశాను.

పది రోజులకు ఓనరు గారు పిలిచారు. కొల్లేరు పక్క ఊళ్లో ఒకాయన లారీకి చేపలు ఎక్కిస్తూ, అందరూ చేసేట్టే, బోర్లించిన క్రేటు మీద నిలబడ్డారట. అది విరిగింది. తుంటి ఎముక విరిగి ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారట.

"క్రేటున్నది నిలబడటానికి కాదు గదమ్మా," అన్నారు ఓనరు గారు.

"మొదటిది పరీక్షలోనే పగిలిందండి. నేనే దాటేశాను."

ఆయన ఫోను అందుకున్నారు. ఆ సరుకంతా వెనక్కి తెప్పించారు, ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నారు. ఈ సంగతి బయట అనొద్దని మాత్రం చెప్పారు.

ఉండబట్టలేక ఆదివారం ఏలూరు బస్సెక్కాను. దెబ్బ తగిలినాయనకు యాభై దాటి ఉంటాయి. తలగడ పక్కన చిన్న బైబిలు. భార్య మందులు తేవడానికి వెళ్లినప్పుడు జరిగిందంతా చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఆ పొడి ఎందుకు కలుపుతారమ్మా?"

"గట్టిదనానికండి. ఎండకు ఉబ్బకుండా."

"నిజమే. ఇదివరకు ఉబ్బిపోయేవి. పోయినేడాదివి బాగున్నాయి." కాసేపు పైకప్పు కేసి చూశారు. "ఎక్కి నిలబడింది నేనే గదమ్మా. మీరు భోంచేశారా?"

తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఆయన కర్ర పట్టుకుని నడిచారు గానీ మళ్లీ చెరువులోకి దిగలేకపోయారు. అప్పుడప్పుడు పళ్లు పట్టుకుని వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఫ్యాక్టరీలో పొడి ఆరబెట్టనిదే మిక్సరు వేయనివ్వలేదు. అయినా ఆ క్రేటు విరిగిన చప్పుడు నన్ను వదల్లేదు. నేను అక్కడ లేను, వినలేదు, కానీ వినిపిస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర లావుపాటి మనిషెవరైనా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబోతే నా చేతిలో ముద్ద ఆగిపోతుంది.

రెండేళ్లకు ఆయన గుండెపోటుతో పోయారు. జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. ప్రార్థన అయి అందరూ వెళ్లిపోయాక ఆయన భార్య అరుగు మీద నా పక్కన కూర్చుని టీ ఇచ్చారు.

"కంపెనీ నుంచి మీరొక్కరే వచ్చేవారమ్మా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

ఆ మాట మోయలేకపోయాను.

"పిన్నిగారూ, ఆ క్రేట్లు మంచివి కావని నాకు ముందే తెలుసండి. తెలిసే పంపించాను."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "ఆయనకు చెప్పారా?"

"ఆసుపత్రిలోనే చెప్పానండి."

"నాతో అనలేదే," అన్నారు నెమ్మదిగా. "రెండేళ్లూ ఒక్క మాట అనలేదు."

లేచి లోపలికి వెళ్లారు. మంచం అంచున, గోడవైపు తిరిగి కూర్చోవడం గుమ్మంలోంచి కనిపించింది. పిలుస్తారేమోనని బస్సు వేళ దాకా అరుగు మీదే ఉన్నాను. పిలవలేదు. కుళాయి దగ్గర గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించి వచ్చేశాను. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు.