మామగారు గుర్రమంటే ఏనుగే

మామగారు దేన్నీ ముందు ఊహించకుండా తెరవరు. గిన్నె మీద మూత తీయాలన్నా, తలుపు కొట్టిందెవరో చూడాలన్నా, కళ్లు చికిలించి, "ఆగండి" అని, ఒక మాట అని తీరాలి. ఆ మాట తప్పయి తీరాలి కూడా.

ఈ జబ్బు ఆయనకి చదరంగం వల్ల పట్టుకుంది. ఎవరో గ్రాండ్‌మాస్టర్ ఆడిన ఆటలన్నీ అచ్చువేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. ఊరికే చదివితే బుర్రకెక్కదని మామగారి సిద్ధాంతం. పేజీని అట్టముక్కతో కప్పి, బల్ల మీద పావులు పేర్చి, తర్వాతి ఎత్తు ఏమిటో తనే ఆలోచించి, కారణంతో సహా పైకి చెప్పి, అప్పుడు అట్టని ఒక్క వరస కిందికి జరుపుతారు.

"గుర్రం," అంటారు. జరిపి చూస్తే ఏనుగు.

"పాపం, తొందరపడ్డాడు," అని గ్రాండ్‌మాస్టర్ మీద జాలిపడతారు. ఆ ఏనుగు ఎందుకు కదిలిందో అర్థమయ్యేదాకా మాత్రం భోజనానికి లేవరు.

ఆట మెరుగుపడలేదనడానికి లేదు. "ఇదివరకు ఊరికే ఓడిపోయేవాణ్ణి అల్లుడూ. ఇప్పుడు ఎందుకు ఓడిపోతానో రెండెత్తుల ముందే తెలుస్తోంది."

ఆయనది పెట్టెలూ తాళాలూ బాగుచేసే కొట్టు. ఒకావిడ తాళం బిగుసుకుపోయిన సూట్‌కేసు తెస్తే, "ఆగండి. ఇందులో స్వెట్టర్లు," అన్నారు. తెరిస్తే ఆవిడ భర్తగారి బనియన్లు స్ప్రింగులా ఎగిరి రోడ్డున పడ్డాయి.

"స్వెట్టరు లోపల వేసుకునేవే కదమ్మా. దగ్గరికొచ్చాను," అన్నారు మామగారు.

ఇలాంటి మనిషి ఇంట్లో, పై వాటాలో, అల్లుడు ఒక రహస్యం దాచుకున్నాడు. అతను లెక్కలు రాసే ఫర్నిచర్ దుకాణం మూతపడింది. భార్యకి చెప్పడానికి నోరు రాక, రోజూ తల దువ్వుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరి, పని కోసం వీధివీధీ తిరిగి, సాయంత్రానికి అలసిపోయిన గుమస్తా మొహం పెట్టుకుని వచ్చేవాడు. ఆ మొహం మీద అతనికి అపారమైన నమ్మకం. అనవసరంగా లెక్కల్లో పడ్డాను, నాటకాల్లోకి వెళ్లాల్సింది అనుకునేవాడు.

పైగా మామగారు అడక్కుండానే సాయం చేసేవారు.

"ఏం బాబూ, అప్పుడే వచ్చేశావ్?" అని అత్తగారు అడిగితే, అల్లుడు నోరు తెరిచేలోపే, "ఆగు, నే చెప్తాను. దుకాణంలో కరెంటు పోయింది," అనేవారు.

"ఎలా కనిపెట్టారండీ?" అనేవాడు అల్లుడు.

ఇంకో రోజు, "అలా ఉన్నారేం?" అంది భార్య.

"ఆగమ్మా. సరుకు లెక్క తేలలేదు."

"అదేనండీ, అదే," అనేవాడు అల్లుడు. పాపం, పెద్దాయన ఒక్కసారైనా నెగ్గాననుకోనీ అని లోలోపల జాలిపడేవాడు. ఇంత అమాయకపు మామగారు దొరకడానికి పెట్టి పుట్టాలి.

ఒక ఆదివారం మామగారు అతన్ని బల్ల ముందు కూర్చోబెట్టారు. "ఈ ఆటలో మన గ్రాండ్‌మాస్టర్‌వి నల్లపావులు. ఇరుకున పడ్డాడు. ఏం చేసుంటాడంటావ్?"

అల్లుడు తల గోక్కున్నాడు. "ఏమీ కానట్టు ఏనుగుని అటూ ఇటూ జరుపుతూ కూర్చుని ఉంటాడు."

"అలా ఎన్నాళ్లు జరుపుతాడయ్యా? అరిగిపోదూ?" అంటూ మామగారు గుమ్మం వైపు చూశారు. "పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే వాడి చెప్పులు పోస్ట్‌మాన్ చెప్పుల్లా అయ్యాయి."

అల్లుడు గుమ్మంలో ఉన్న తన చెప్పులకేసి చూశాడు. "మీకు తెలుసా?"

"మొదటివారమే."

"మరి కరెంటు పోయిందనీ, సరుకు లెక్కనీ..."

"నీకు అబద్ధమాడ్డం రాదు నాయనా. నువ్వు మొదలెడితే అమ్మాయి ఇట్టే పట్టేస్తుంది. అందుకని నీ బదులు నేను ఆడాను."

"నన్నే అడగాల్సింది."

"ఊహించడం వరకే నా పని. అట్ట జరపాల్సింది నువ్వు."

అల్లుడు లేచి, వంటింట్లోకి వెళ్లి భార్యకి అంతా చెప్పేశాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టలేదు.

"నాకు తెలుసు. కరెంటు పోయిందన్న మర్నాడే అటు వెళ్లాను. దుకాణానికి తాళం వేసుంది."

"మరి అడగలేదేం?"

"మీరు అంత కష్టపడి మొహం పెట్టుకొస్తున్నారు. పాడుచెయ్యడం ఎందుకని."

నాటకరంగానికి జరిగిన నష్టమేమీ లేదని అల్లుడికి అప్పుడు తెలిసింది. తలొంచుకుని బయటికొచ్చేసరికి మామగారు కళ్లు చికిలించి ఉన్నారు.

"మా కొట్లో లెక్కలు చూసే మనిషి కావాలి. ఆగు, నే చెప్తాను. మామగారి దగ్గర పనేమిటని నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకుంటానండీ."

"మళ్లీ తప్పింది," అన్నారు మామగారు విచారంగా. ఆ విచారపు నటన కూడా అల్లుడి నటన పాటిదే.